తొలి ఏకాదశికి సైకిల్ మీద పండరిపురం: పాల్ఖీ దారిలో తొక్కొచ్చా?

కొత్తచక్రం:
అందరికీ నమస్కారం. ఈసారి తొలి ఏకాదశికి పండరిపురం సైకిల్ మీద వెళ్దామనుకుంటున్నా. పుణె దాకా సైకిల్‌ని బస్సులో వేసుకెళ్ళి, ఆళందిలో మొదలుపెట్టి, జ్ఞానేశ్వర్ మహరాజ్ పాల్ఖీ (ఆయన పాదుకలున్న పల్లకీ) వెళ్ళే దారిలోనే సాస్వడ్, జేజురి, లోణంద్, ఫల్టణ్, మాళశిరస్, వేళాపూర్ మీదుగా. అటూఇటూగా 250 కిలోమీటర్లు, నాలుగు రోజుల్లో నిదానంగా. పాల్ఖీతో నడిచే భక్తులు, అదే వార్కరీల పక్కన కాసేపైనా ఉండాలని ఆశ. అంత జనంలో సైకిల్ తొక్కడం సబబేనా? టెంట్ మోసుకెళ్ళాలా?

పెడల్ పంతులు:
వద్దు.
కారణం చెప్తాను. వాళ్ళు జ్యేష్ఠ బహుళ అష్టమికి ఆళందిలో బయల్దేరి దాదాపు మూడు వారాలు నడుస్తారు. పాల్ఖీ ఉన్న రథం ముందు కొన్ని దిండీలు (కలిసి నడిచే భజన బృందాలు), వెనక కొన్ని, ప్రతి దిండీకి ఒక నంబరు. ఎవరి వరుస వాళ్ళది. చేతుల్లో తాళాలు, ఆడవాళ్ళ తలమీద తులసికోట, నోట్లో 'జ్ఞానబా తుకారాం'. వెనక మీరు గంట కొడితే ఎవరికి వినపడుతుంది? వినపడకపోతే ఇంకా గట్టిగా కొడతారు. అది చాలు, మీ యాత్ర అక్కడే చెడింది.

ఎదురుగాలి:
మళ్ళీ మొదలు. పంతులుగారూ, సాస్వడ్ ముందు వచ్చే కొండదారి, దివే ఘాట్ దాటాక ఫల్టణ్ దాకా, ఆ తర్వాత పండరిపురం దాకా దాదాపు చదునైన నేల. రోడ్డు వెడల్పు చేసే పనికి 2021 నవంబరులో శంకుస్థాపన చేసినప్పుడే ఇరుపక్కలా నడిచేవాళ్ళకు ప్రత్యేకంగా దారి ఉంటుందన్నారు. వాళ్ళ దారి వాళ్ళకు, మన దారి మనకు. ఇందులో గొడవేముంది?
@కొత్తచక్రం, ఆషాఢంలో గాలి పడమటి నుంచి వస్తుంది. పుణె నుంచి వెళ్తే వెనక నుంచి తోస్తుంది. హైదరాబాద్ నుంచి నేరుగా తొక్కితే మాత్రం జహీరాబాద్ దాటేసరికి నా పేరు మీకూ అర్థమవుతుంది.

పెడల్ పంతులు:
పాల్ఖీ నడిచే రోజుల్లో లక్షల మంది. నడకదారిలోనే సర్దుకుని నడుస్తారని మీకెవరు చెప్పారు? దివే ఘాట్ ఎక్కే రోజు వాహనాలను అసలు పోనివ్వరు.

ఎదురుగాలి:
సైకిల్ వాహనమా?

పెడల్ పంతులు:
కాకపోతే పల్లకీనా?

బందరు లడ్డు:
అంత దూరం ఎందుకండీ, మా చిలకలపూడి రండి. పాండురంగడు ఇక్కడా ఉన్నాడు. పైగా పుణె నుంచి బందరు దాకా ఒకటే హైవే, 65. దారి తప్పమన్నా తప్పరు.

రజని మియాపూర్:
గంట అస్సలు వద్దు. 'మావులీ' (అమ్మా) అని పిలిస్తే చాలు, నవ్వుతూ పక్కకు జరుగుతారు. అక్కడ ఎవరు ఎవర్ని పిలిచినా అదే పిలుపు.

ఎదురుగాలి:
రజనిగారు చెప్పింది నిజం. కానీ అందరూ అలా ఉండరు. పోయినేడాది వేళాపూర్ దగ్గర ఒకాయన నన్ను ఆపి, దిగి నడవమన్నాడు. దిగాను. బ్యాగులతో కలిపి 30 కిలోల సైకిల్‌ని నెట్టుకుంటూ దాదాపు పది కిలోమీటర్లు నడిచాను. రాత్రికి మోకాలు కొబ్బరికాయంత అయింది. దానికి బాధ్యత ఎవరిది?

పెడల్ పంతులు:
అక్కడ డెబ్భై ఏళ్ళ ముసలమ్మలు రోజుకు ఇరవై కిలోమీటర్లు నడుస్తుంటే, పది నడిచినందుకు మీరు ఇక్కడ పంచాయితీ పెట్టారు. నడవడమే వారీ, అంటే ఈ పండరి యాత్ర. నడవలేనివాళ్ళు బస్సులో వెళ్ళి దండం పెట్టుకుని రావచ్చు. అదేం తప్పు కాదు. కానీ దానికి వారీ అని పేరు పెట్టుకోకండి.

ఎదురుగాలి:
2020లో, 2021లో కరోనా అని నడక ఆపేసి పాదుకలనే బస్సులో తీసుకెళ్ళారు. మరి జ్ఞానేశ్వరుడు చేసింది వారీ కాదా? మీరు చెప్పండి.

పెడల్ పంతులు:
ఆపద్ధర్మాన్ని తెచ్చి మీ సరదాకి జత కలపకండి.

ఎదురుగాలి:
సరదా! నా ఎడమ మోకాలికి రెండు ఆపరేషన్లు అయ్యాయి. నడిస్తే వాస్తుంది, తొక్కితే వాయదు. పెడల్ మీద ఒంటి బరువంతా మోకాలి మీద పడదు, అంతే. నాకు దేవుడు ఇచ్చింది సైకిల్, కాళ్ళు కాదు. ఇది చెప్పుకోవడం ఇష్టం లేకే ఇన్ని రోజులూ ఊరుకున్నాను. మీకు నడవగల కాళ్ళున్నాయి కాబట్టి అందరికీ ధర్మం చెప్తున్నారు.

రజని మియాపూర్:
ఇద్దరూ కాస్త చల్లబడండి ప్లీజ్.

పెడల్ పంతులు:
మీ మోకాలి సంగతి నాకు తెలియదు. ఆ మాటకు సారీ.
కానీ నా సంగతి కూడా వినండి. మా అమ్మ 2023లో దిండీతో నడిచింది. నాతేపుతే దాటాక, ఒకే రంగు జెర్సీలు వేసుకున్న పాతికమంది సైకిళ్ళ మీద వచ్చారు. వెనక కారు, కారులో స్పీకర్. ఒకడి హ్యాండిల్ అమ్మ మోచేతికి తగిలి తలమీది తులసికోట కింద పడింది. 'సారీ ఆంటీ' అని ఆగకుండా వెళ్ళిపోయాడు. అమ్మ రోడ్డు మీద కూర్చుని మట్టిని కొంగులోకి ఎత్తుకుంది. మొక్క వేర్లు విరిగిపోయాయి. ఆ కొంగుతోనే పండరిపురం దాకా నడిచింది. సాయంత్రానికి ఆ గుంపు వాళ్ళ ఫొటోలు చూశాను, మెడలో మెడల్స్, కింద 'సైకిల్ వారీ ఒక్కరోజులో పూర్తి'. అప్పటి నుంచి పాల్ఖీ రోజుల్లో ఆ దారిలో చక్రం కనపడితే నాకు ఆ కొంగే గుర్తొస్తుంది.

ఎదురుగాలి:
అది దారుణం. కానీ పంతులుగారూ, వాళ్ళు వేరు, నేను వేరు. నాకు వెనక కారూ లేదు, మెడల్ కూడా లేదు. మీరు వాళ్ళ మీది కోపం తెచ్చి నా మీద పోస్తున్నారు.

పెడల్ పంతులు:
అయ్యుండొచ్చు.

సోలాపూర్ మగ్గం:
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను. మాది సోలాపూర్. నేతపనికి తెలంగాణ నుంచి ఎప్పుడో వచ్చిన పద్మశాలీలం. మా తాత ప్రతి కార్తీక ఏకాదశికి సైకిల్ మీదే పండరిపురం వెళ్ళేవాడు. సోలాపూర్ నుంచి 75 కిలోమీటర్ల లోపే. గేర్లు లేని నల్ల సైకిల్. క్యారియర్ మీద పాత ట్యూబుతో బిగించిన మూట, అందులో ఒక పంచె, జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం. మోహోళ్ దాటాక కాలువ గట్టున తిని, మధ్యాహ్నానికి పండరిపురంలో చంద్రభాగ నదిలో మునిగేవాడు. క్యూ మరీ పెద్దదైతే గుడి వాకిట్లో ఉన్న నామదేవుడి మెట్టుకు మొక్కి వచ్చేసేవాడు. మెడలో తులసిమాల. చివరి రెండేళ్ళు తొక్కలేక, సైకిల్ పట్టుకుని బస్టాండు దాకా నడిచి, అక్కడ సైకిల్ పెట్టి బస్సెక్కాడు.
వారీ అంటే తప్పకుండా మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. అలా వెళ్ళేవాడే వార్కరీ. ఒక్కసారి నడిచి వచ్చి ఇక వెళ్ళనివాడిని మా తాత వార్కరీ అని ఒప్పుకునేవాడు కాదు. ఎలా వచ్చావని ఎవర్నీ అడగడం మాత్రం నేను చూడలేదు, వచ్చే ఏడు వస్తావా అనే అడిగేవాడు.

బందరు లడ్డు:
తాతగారికి దండాలు 🙏

పెడల్ పంతులు:
తాతగారికి నా నమస్కారం కూడా. ఆ లెక్కన మా అమ్మా ఒకేసారి వెళ్ళింది. రెండోసారి వెళ్దామంటే వద్దంటోంది. అందుకే నాకు ఇంత మంట.
అయినా పాల్ఖీ నడిచే రోజుల్లో సైకిల్ వద్దనే అంటాను. అందులో మార్పు లేదు.

ఎదురుగాలి:
నేను వెళ్తాను. పాల్ఖీ ఉన్న ఊరు వదిలేసి, ఒక రోజు వెనకగా. దారంతా విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు ఉంటాయి, పర్లేదు.

కొత్తచక్రం:
అందరికీ థాంక్స్, ఇంత దూరం వెళ్తుందనుకోలేదు. కార్తీకానికి మార్చుకుంటున్నా, సోలాపూర్ నుంచే మొదలుపెడతా. మగ్గంగారూ, ఆ రోడ్డు ఎలా ఉంటుంది?

సోలాపూర్ మగ్గం:
రోడ్డు బాగుంటుంది. అప్పటికి చెరకు నరకడం మొదలవుతుంది, అదీ చూసుకోవాల్సింది. ఒక్కో ట్రాక్టర్ వెనక రెండేసి ట్రాలీలు, చెరకు పక్కలకు పొడుచుకొచ్చి ఉంటుంది, వెనక ఎర్ర లైటు ఉండదు. తెల్లవారకముందు తొక్కకండి. సర్కారు తుమ్మ ముళ్ళు ఎక్కువ, కనీసం రెండు ట్యూబులు పెట్టుకోండి.

రజని మియాపూర్:
పాపం, టెంట్ గురించి ఎవరూ చెప్పనేలేదు.

ఎదురుగాలి:
టెంట్ వద్దు. వాన పడితే నల్లరేగడిలో చక్రానికీ ఫోర్కుకీ మధ్య మట్టి పట్టేసి బండి కదలదు, పుల్ల పెట్టి గోకాలి. రోడ్డు దిగకండి. రాత్రికి ఏదో ఒక ఊళ్ళో గుడి మండపం అడగండి, ఇస్తారు.

పెడల్ పంతులు:
గుడిలోకి సైకిల్ తీసుకెళ్ళకండి.

ఎదురుగాలి:
😀 సరే పంతులుగారూ.