16 గంటల ఉపవాసంతో కణాలు శుభ్రపడతాయా?

జిజ్ఞాసి: రోజుకు 16 గంటలు తినకుండా ఉంటే కణాలు తమలో పాడైన భాగాలను తామే జీర్ణించుకుంటాయనీ, ఈ ఆటోఫజీని కనుగొన్నందుకే 2016లో యోషినోరి ఒసుమీకి నోబెల్ వచ్చిందనీ నిన్న నేను రాస్తే కొందరు నవ్వారు. ఎందుకు నవ్వారో చెప్పండి.

నిదానం: ఒసుమీ పరిశీలించింది ఈస్ట్‌ను. రిక్తికలోని (ఈస్ట్ కణంలో వ్యర్థాలను కరిగించే అరలోని) ఎంజైములు పనిచేయని ఈస్ట్ కణాలకు పోషకాలు ఆపినప్పుడు, కణ భాగాలను మూటగట్టి తెచ్చిన, కరగవలసిన సంచులు రిక్తికలో పేరుకుపోవడం ఆయన చూశారు. తరువాత ఈ పనికి అవసరమైన జన్యువులను గుర్తించారు. బహుమతి అందుకు. ఆటోఫజీ అన్న పేరు 1963లో క్రిస్టియన్ డి డూవ్ అనే శాస్త్రవేత్త పెట్టినది.

జిజ్ఞాసి: పేరు ఎవరు పెట్టారని నేను అడగలేదు. ఒక రోజు పస్తుంచిన ఎలుకల కాలేయంలోనూ ఇది పెరిగింది. మనిషిలో మాత్రం జరగదా?

 

నిదానం: జరగదని నేను అనలేదు. తిన్నా తినకపోయినా అది కొంత మేరకు నిత్యం జరిగేదే, ఆకలి దాన్ని పెంచుతుంది. మనిషిలో ఏ అవయవంలో ఎన్ని గంటలకు ఎంత పెరుగుతుందో కొలిచే సులువైన పరీక్ష లేదు. కణ భాగాలను మూటగట్టే ఆ సంచులకు అంటుకునే ఎల్‌సీ3 అనే ప్రోటీన్‌ను బట్టి వాటిని గుర్తిస్తారు; అవి ఎక్కువగా కనిపిస్తే, కొత్తవి ఎక్కువ పుడుతున్నాయని అనుకోవచ్చు, పాతవి లైసోజోములలో (మన కణాలలో రిక్తిక పని చేసే సంచులలో) కరగక నిలిచిపోయాయనీ అనుకోవచ్చు. లైసోజోముల పనిని అడ్డుకునే క్లోరోక్విన్ అనే మలేరియా మందు ఇచ్చిన కణాలలో జరిగేది ఈ రెండవదే. పైగా ఒక రోజు పస్తు ఎలుకకూ మనిషికీ ఒక్కటి కాదు.

జిజ్ఞాసి: కొలవలేనిది లేనట్టేనా? రెండేళ్లుగా పాటిస్తున్నాను, మోకాళ్ల నొప్పి తగ్గింది. మా వైద్యుడు నా మాట పూర్తిగా వినకుండానే కొట్టిపారేశారు. మీరూ అంతే.

అనుమానం: బరువు ఎంత తగ్గారు?

జిజ్ఞాసి: 11 కిలోలు. అయితే?

నిదానం: అయితే మోకాళ్ల మీద భారం తగ్గిందని మీకెందుకు తోచదు? ఇటువంటి రాతలు చదివి మా అన్న మధుమేహం మందులు వేసుకుంటూనే పస్తులున్నాడు. చక్కెర పడిపోయి స్పృహ తప్పాడు. ‘శుభ్రం’ అన్న మాటతోనే నా పేచీ. క్యాన్సర్ కణాలు కూడా ఆకలికి తట్టుకోవడానికి ఇదే ప్రక్రియను వాడుకోగలవు. ఎంత పెరిగితే అంత మేలని ఎలా అంటారు?

జిజ్ఞాసి: మీ అన్నగారి సంగతి మొదటే చెప్పవలసింది, ఈస్ట్ దగ్గర ఇంతసేపు ఆగేవాళ్లం కాదు. మందులు వాడేవారిని పస్తుండమని నేను ఎక్కడా రాయలేదు. నా నొప్పి తగ్గిందన్న మాటను మాత్రం మీరు ఇంకా ఒప్పుకోలేదు.

నిదానం: తగ్గిందని ఒప్పుకుంటున్నాను. మీరు చెప్పే కారణాన్ని ఒప్పుకోను.