వార్హోల్ ‘కికు’: జపాను అచ్చా, జపాను వేషమా?

మెష్120: అమెరికా పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1983 నాటి ‘కికు’ను జపాను శైలి అచ్చు అంటే నాకు ఎక్కట్లేదు. కికు అంటే చామంతి, అంతే. మూడు స్క్రీన్‌ప్రింట్లు (బిగించిన తెరలోంచి ఇంకు దించి వేసే అచ్చులు), రీవ్స్ బీఎఫ్‌కే అనే కాటన్ కాగితం, ఒక్కోటి 300 ప్రతులు. జపాను చెక్క అచ్చులో కాగితాన్ని తడిపి, చెక్క మీద వేసి, వెనక నుంచి బారెన్‌తో, అంటే చేతిలో పట్టే గుండ్రటి దిమ్మెతో, రుద్దుతారు. రంగు నారలోకి దిగిపోతుంది. స్క్రీన్‌లో ఇంకు కాగితం పైన పొర కడుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది.

బోకాషి: ఆ పొర మందం మెష్‌ని, అంటే తెర నేతని, బట్టి ఉంటుందండీ. సెంటీమీటరుకు 120 దారాల మెష్, పదునున్న స్క్వీజీ (తెర మీద ఇంకు లాగే రబ్బరు పలక), పారదర్శక బేస్ బాగా కలిపిన ఇంకు వాడి చూడండి, కింది రంగు కనబడేంత పల్చగా పడుతుంది. అయినా జపాను అంటే చెక్కేనా? చదును రంగులు, వాటితో పనిలేకుండా పరిగెత్తే గీత చాలవా?

చేటంత_చామంతి: 16 రేకుల చామంతి అక్కడి చక్రవర్తి ముద్ర. ఎవరూ అనలేదేం?

మెష్120: ముద్ర సంగతి వదిలేయండి. ఆ గీతే చూడండి, రంగుకీ దానికీ పొంతన లేదు. ప్రెస్సులో దాన్ని రిజిస్ట్రేషన్ తప్పంటారు, రంగులు ఒకదానిమీదొకటి సరిగ్గా కూర్చోకపోవడం. చెక్క అచ్చుకి కెంతో ఉంటుంది: మూలన ఎల్ ఆకారపు గాడి, అంచున ఇంకో గాడి. కాగితాన్ని రెండింటికీ ఆనించి వేస్తే పదో రంగు కూడా చోటు తప్పదు.

బోకాషి: తప్పైతే ఒక్కో ప్రతిలో ఒక్కోలా ఉండాలి. తేమకి కాటన్ కాగితం సాగితే మధ్యలో కన్నా అంచుల్లో తేడా ఎక్కువ కనిపిస్తుంది. మెష్ వదులైనా, ఫ్రేముకీ కాగితానికీ మధ్య ఎత్తు 3 మి.మీ. దాటినా బొమ్మ స్క్వీజీ లాగే దిక్కుకి జరుగుతుంది. అన్ని ప్రతుల్లోనూ గీత ఒకే తీరుగా పక్కకుంటే, స్క్రీన్ మీదికి బొమ్మ ఎక్కించే ఫిల్ములోనే అలా పెట్టారని అర్థం.

పల్నాటి_పెన్సిల్: అర మిల్లీమీటరు ట్రాప్ ఇస్తే, అంటే పక్కపక్క రంగులు కాస్త ఒకదానిమీదొకటి ఎక్కేలా వదిలితే, ఈ గొడవే లేదు.

మెష్120: ట్రాప్ తెలియక కాదు బాబూ! కావాలనే పెట్టారనుకుందాం, 300 ప్రతుల్లోనూ దాన్ని నిలబెట్టిందెవరు? టోక్యోలో అచ్చేసిన రియోయిచి ఇషిదా. రంగు రంగుకీ వేరే స్క్రీన్, ఎమల్షన్ (వెలుగుకి గట్టిపడే పూత), ఎక్స్‌పోజర్ (దానికి వెలుగు చూపడం), మళ్లీ 300 సార్లు స్క్వీజీ. సంతకం మాత్రం వార్హోల్‌ది. మన శుభలేఖ మీదైనా అడుగున చిన్నక్షరాల్లో ప్రెస్సు పేరుంటుంది.

బోకాషి: అదీ సంగతి! మీ కోపం గీత మీద కాదు, సంతకం మీద. జపాను చెక్క అచ్చుల చిత్రకారుడు హొకుసాయి గీసిచ్చేవాడు, చెక్కేవాడు వేరు, అచ్చేసేవాడు వేరు, పెట్టుబడి ప్రచురణకర్తది. పేరు హొకుసాయిది. ‘కికు’ వేయించింది కూడా టోక్యో ప్రచురణ సంస్థే, గెండాయ్ హంగా సెంటర్. పని నడిచిన తీరే జపానుది.

మెష్120: అంటే పనివాడి పేరు మింగేయడం కూడా శైలేనా?

చేటంత_చామంతి: 1974లో వార్హోల్ పది పూల అచ్చులు వేశాడుగా, నల్ల గీత స్క్రీన్‌ది, రంగు చేత్తో పూసింది. దాన్ని ఏ కోవలో చేరుస్తారు?

మెష్120: దానికి వేరే చర్చ పెట్టండి. ఇక్కడ నేనడిగినదానికి ఇంకా జవాబు రాలేదు.