అప్‌డేట్: నా కోపం గురించి అడిగిన ప్రశ్న

బాప్తిస్మం పొంది ఇన్నేళ్లయినా నా కోపం ఎందుకు తగ్గలేదని క్రితంసారి అడిగినప్పుడు, రోమా 12:2లోని క్రియను గమనించమని ఒకరు సూచించారు. 'రూపాంతరము పొందుడి' అన్న ఆ మాట గ్రీకు మూలంలో కర్మణి ప్రయోగంలో (అంటే మనంతట మనం చేసుకునేది కాదు, మనలో జరిగేది), జరుగుతూ ఉండే పనిని తెలిపే రూపంలో ఉందనీ, కొండమీద యేసు రూపం మారిన సందర్భంలో మత్తయి 17:2 వాడినదీ అదే క్రియ అనీ తెలిశాక, నన్ను నేనే దిద్దుకోవాలన్న పంతం సడలింది. (నిజానికి నా కోపానికి సగం కారణం ఆ పంతమే.) అలాగని పూర్తిగా మారిపోయానని చెప్పను. మొన్న మా పిల్లవాడు నా బైబిలు మీద నీళ్లు ఒలకబోసినప్పుడు గొంతు పెంచాను. అయితే మాట పూర్తికాకముందే ఆగి, తడిసిన పేజీలను వాడితో కలిసి ఆరబెడుతూ, క్షమించమని వాణ్ణే అడిగాను. గతంలో ఆ మాట అడగడానికి నాకు రెండు రోజులు పట్టేది.