రంగం (బర్మాలోని రంగూన్) నుంచి వచ్చిన పింగాణీ జాడీ, ఎర్ర పెట్టె: అమ్మేయమంటున్నారు, ఏం చేయాలి?

వంశధార ఒడ్డు:
అందరికీ నమస్తే. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. అమ్మమ్మ వాళ్ళ పెంకుటిల్లు పడగొట్టి స్లాబు వేయిస్తున్నారు, అందుకని పోయిన ఆదివారం అటక మీద సామానంతా దించాం. ఇత్తడి బిందెలు, ఉయ్యాల గొలుసులు, వాటి వెనక గోనెసంచిలో చుట్టి మూడు వస్తువులు దొరికాయి. ఒకటి నీలం, తెలుపు పింగాణీ జాడీ, జానెడున్నర ఎత్తు, మూత ఉంది కానీ అంచు కొంచెం పెచ్చు ఊడింది. రెండోది ఎర్రటి గుండ్రటి పెట్టె, చాలా తేలిక, మూత తీస్తే లోపల ఒకదాని మీద ఒకటి రెండు పళ్ళేలు. మూడోది అరచేతిలో పట్టే గంధపు చెక్క పెట్టె, పైన తెల్లటి రేకులు అతికించి వాటి మీద నల్లటి తీగలు, పువ్వులు చెక్కారు.

మా ముత్తాత రంగం వెళ్ళొచ్చిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు అక్కడి నుంచి నడిచి వస్తూ ఈ జాడీ మోసుకొచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. మా బావ జాడీ అడుగున ఉన్న ఆరు అక్షరాలను ఫోటో తీసి ఫోన్‌లో వెతికితే చైనా మింగ్ వంశం, చెంగ్హువా చక్రవర్తి, 1465–1487 అని వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఈలోగా పాత సామాన్లు కొనే ఆయన ఒకరు వచ్చి మూడూ కలిపి ఇరవై వేలు ఇస్తాను, రేపే పట్టుకెళ్తాను అంటున్నాడు. నాకు అమ్మడం ఇష్టం లేదు, కానీ ఇల్లు కడుతున్నాం కదా, డబ్బు అవసరమే. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

విజయనగరం మాస్టారు:
బాబూ, ముందు ఆయన్ని ఆగమనండి. ఎనభై ఏళ్ళు అటక మీద ఉన్న వస్తువు ఇంకో నెల ఉంటే ఏమీ కాదు.

ఇక జాడీ సంగతి. ఫోన్ చెప్పింది అబద్ధం కాదు, ఆ ఆరు అక్షరాల అర్థం అదే, మహా మింగ్ వారి చెంగ్హువా ఏలుబడిలో చేసినది అని. కానీ ఆ ముద్రను ఆయన తర్వాత కొన్ని వందల ఏళ్ళు చైనాలో వేస్తూనే ఉన్నారు, జపాన్‌లో కూడా వేశారు. అన్నిసార్లూ మోసం చేయాలని కాదు, చెంగ్హువా నాటి పనితనం మీద వాళ్ళకు అంత గౌరవం. కాంగ్షీ చక్రవర్తి కాలం (1662–1722) పాత్రల మీద కూడా చెంగ్హువా ముద్ర కనిపిస్తుంది, మళ్ళీ పందొమ్మిదో శతాబ్దంలో చేసినవాటి మీద కాంగ్షీ ముద్ర కనిపిస్తుంది. 2014లో హాంకాంగ్ వేలంలో చెంగ్హువా కాలపు కోడిబొమ్మల కప్పు ఒకటి 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పైగా పలికింది కాబట్టి ఆ పేరు చూడగానే ఎవరికైనా గుండె కొట్టుకుంటుంది, మీ బావను తప్పుపట్టను. అయినా ముద్ర చూసి కాలం తేల్చకూడదు, ముద్రను అన్నిటికన్నా ఆఖర్న చూడాలి.

మంచం మీద దుప్పటి పరిచి జాడీని బోర్లించండి. నేలకు ఆనే వలయం మీద మెరుపు ఉండదు, మట్టి బయటికే కనిపిస్తుంది. అక్కడ వేలితో నెమ్మదిగా తడమండి. ఏళ్ళ తరబడి గచ్చు మీద జరిగిన పాత్రకు ఆ అంచు నున్నగా అరిగి ఉంటుంది, అరుగుదల కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. కొత్తగా చేసి టీ డికాషన్‌తోనో పర్మాంగనేట్‌తోనో పాతబరిచిన వాటికి రంగు అంతా ఒకే తీరుగా పట్టి ఉంటుంది. తర్వాత పిల్లల సైన్సు కిట్‌లో ఉండే భూతద్దం చాలు, నీలం గీతల్ని దగ్గరగా చూడండి. కుంచెతో వేస్తే ఒక చోట రంగు చిక్కగా, ఒక చోట పలచగా ఉంటుంది. అచ్చు అయితే సన్నటి చుక్కలో గీతలో కనిపిస్తాయి, బొమ్మ చుట్టూ తిరిగి వచ్చి కలిసే చోట అతుకు సరిపోదు. చివరగా గోటితో మీటండి, గంటలా మోగితే సరే, మొద్దుగా పలికితే ఎక్కడో బీట ఉంది.

చింతపండుతో తోమకండి, దయచేసి. ఊరగాయ కూడా వేయకండి. పైన ఎర్ర, పచ్చ రంగులద్దిన పాత పింగాణీలో సీసం ఉండొచ్చు, పులుపు తగిలితే ఆ విషం తిండిలోకి దిగుతుంది. మీది ఒట్టి నీలమైనా, బీట ఉంటే నూనె అందులోకి ఎక్కి మచ్చ మళ్ళీ పోదు.

బారువ తీరం:
నడిచొస్తూ తెచ్చాడన్న మాట నాకు నమ్మబుద్ధి కావడం లేదు తమ్ముడూ, ఏమీ అనుకోవద్దు. రంగూన్ మీద జపాన్ బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. ఆ తర్వాత నడిచి బయల్దేరినవాళ్ళు అరకాన్ దారిలో, మణిపూర్ దారిలో అడవులు, కొండలు దాటి వచ్చారు, కలరాతో, ఆకలితో ఎంతోమంది దారిలోనే పోయారు. మా తాతయ్య కట్టుబట్టలతో వచ్చాడు, చంటిపిల్లని ఎత్తుకోవడానికే ఓపిక లేదని చెప్పేవాడు, అలాంటిది మూతతో సహా పింగాణీ జాడీ ఎవరు మోస్తారు? కానీ యుద్ధానికి ముందు మన జిల్లావాళ్ళు కళింగపట్నంలోనో, భీమిలిలోనో స్టీమరు ఎక్కి రంగం వెళ్ళి, బియ్యం మిల్లుల్లో, రేవులో పని చేసి, రెండు మూడేళ్ళకోసారి ఇంటికి వస్తుండేవారు. వచ్చేటప్పుడు పెట్టె నిండా సామాను తెచ్చేవారు. మీ జాడీ అలా ఓడలో వచ్చి ఉంటుంది. మీ ముత్తాత ఎన్నిసార్లు వెళ్ళాడో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, ఎవరు ఏం చెప్పారో తేదీ వేసి రాసుకోండి. కొనేవాడికైనా మ్యూజియంకైనా వస్తువు ఎలా వచ్చిందన్నదే మొదటి ప్రశ్న.

జీడితోట, పలాస:
అందరూ జాడీ గురించే మాట్లాడుతున్నారు, నాకు ఆ ఎర్ర పెట్టె మీదే ప్రాణం. అది బర్మావాళ్ళ తాంబూలం పెట్టె. వెదురును సన్నగా చీల్చి అల్లి, దాని మీద అక్కడి అడవి చెట్టు పాలు పూత మీద పూత వేస్తారు, ఒక్కో పూత ఆరడానికి రోజులు పడుతుంది, మొత్తం పెట్టెకు నెలలు. తర్వాత సన్నటి ఉలితో బొమ్మ గీసి ఒక రంగు నింపి తుడిచి, మళ్ళీ గీసి ఇంకో రంగు. బగాన్ ఈ పనికి పేరు. మంచి గిన్నెలకైతే గుర్రపు వెంట్రుకలతో అల్లుతారు, అంచులు రెండూ వేళ్ళతో దగ్గరికి నొక్కితే కలుస్తాయి, వదిలితే మళ్ళీ గుండ్రంగా అవుతాయి. మా నానమ్మకు ఇలాంటిదే ఒక పెట్టె ఉండేది. బూజు వాసన వస్తోందని నేనే తడిగుడ్డతో తుడిచి డాబా మీద ఎండలో పెట్టాను, సాయంత్రానికి పూత పొలుసుల్లా లేచిపోయింది. పన్నెండేళ్ళయింది, ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది. మీరు మాత్రం పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము దులిపి నీడలో పెట్టండి, అంతే. మూత లోపల, అడుగున రాత ఏమైనా ఉందేమో చూసి చెప్పండి.

కోట జంక్షన్:
మూడో పెట్టె జాగ్రత్త. మీరు చెప్పిందాన్ని బట్టి అది విశాఖపట్నం పనిలా ఉంది. దంతం రేకుల మీద గీతలు చెక్కి అందులో నల్ల లక్క నింపడం పద్దెనిమిదో శతాబ్దం నుంచీ అక్కడి కంసాలుల విద్య, లండన్ మ్యూజియంలో కూడా ఉన్నాయి. అది ఎముక కూడా కావచ్చు. ఎముకైతే సన్నటి నల్లటి రంధ్రాలు కనిపిస్తాయి, ఏనుగు దంతం అడ్డకోతలో ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలు ఉంటాయి. వేడి సూది పెట్టి చూడమని ఎవరైనా చెబితే వినకండి, వస్తువు పాడవుతుంది. దంతమే అయితే కొనడం, అమ్మడం రెండూ నేరమే. వన్యప్రాణి చట్టం 1972 నాటిది, మన ఏనుగు దంతం వ్యాపారం 1986 సవరణతో, ఆఫ్రికా దంతం 1991లో ఆగిపోయాయి. తాతల నాటిదన్నా కుదరదు. ఇంట్లో ఉంచుకోవడానికి ఏ కాగితం కావాలో అటవీ శాఖ ఆఫీసులో అడగండి.

పురావస్తువులు, కళాసంపద చట్టం కూడా 1972దే, 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువుల వ్యాపారం చేసేవాడికి లైసెన్సు ఉండాలి, ప్రభుత్వం తప్ప ఎవరూ వాటిని దేశం దాటించకూడదు. మీ ఇంటికొచ్చిన ఆయన్ని లైసెన్సు చూపించమనండి.

వంశధార ఒడ్డు:
అందరికీ చాలా చాలా థాంక్స్. లైసెన్సు అడిగితే ఆయన మళ్ళీ వస్తానని వెళ్ళాడు, రాలేదు.

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. మీటితే మోగింది. కింది అంచు ఒక వైపు బాగా అరిగి ఉంది. కానీ భూతద్దంలో చూస్తే ఒకే పువ్వు ఆరుసార్లు ఉంది, ఆరింటికీ ఒకే రేకు దగ్గర గీత ఒకేలా కొంచెం తెగి ఉంది. పిడి వెనక వైపు ఒక పువ్వు సగంలో ఆగిపోయి పక్కనే ఆకు మొదలైంది. బావకు చూపించాను, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

ఎర్ర పెట్టె మూత లోపల రాత ఉంది! అమ్మమ్మ దాన్ని తెలుగే అనుకునేదట, అక్షరాలు అంత గుండ్రంగా ఉన్నాయి, కానీ ఒక్కటీ చదవలేకపోయేదట. కింది పళ్ళెంలో ఒక మూల సున్నం గట్టిగా పేరుకుపోయి, దాని మీద వేలి గుర్తు అలాగే ఉంది. మా పెద్దమ్మ దాన్ని చూసి ఏడ్చేసింది. ముత్తాత తెచ్చింది తన భార్య కోసమేనట, నాలుగుసార్లు వెళ్ళాడట, ఆఖరుసారి తిరిగి వచ్చాక మళ్ళీ సముద్రం పేరెత్తలేదట. అన్నీ నోట్‌బుక్‌లో రాశాను.

విజయనగరం మాస్టారు:
అయితే అది జపాన్ అచ్చు జాడీ అయ్యుంటుంది. మెయిజీ కాలంలో (1868–1912), ఆ తర్వాత కూడా, కత్తిరించిన కాగితపు అచ్చులతో, రాగిరేకు అచ్చులతో నీలం పువ్వులు వేసి చవకగా విపరీతంగా చేశారు, చెంగ్హువా ముద్ర వాటి మీద మామూలే. కోట్లు రావు. కానీ నిజంగా పాతది, చక్కగా కాల్చింది, ఒక కూలిమనిషి తన సంపాదనతో కొని ఇంటికి తెచ్చింది, నేనైతే అమ్మను. హైదరాబాద్ వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం తూర్పు భవనంలో చైనా, జపాన్ పింగాణీ ఉంది, బావను కూడా తీసుకెళ్ళి తీరిగ్గా చూడండి, చేత్తో వేసిన నీలానికీ అచ్చుకీ తేడా కంటికి పట్టేస్తుంది.

పెట్టె మీది రాత బర్మా లిపి. మనదీ వాళ్ళదీ బ్రాహ్మీ నుంచి వచ్చినవే కాబట్టి మీ అమ్మమ్మకు అలా అనిపించడంలో వింత లేదు. చేసినవాళ్ళ పేరో, చేయించుకున్నవాళ్ళ పేరో అలా రాయడం అక్కడ ఉంది.

బారువ తీరం:
విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో మా చుట్టాలున్నారు, అక్కడి నుంచి తిరిగొచ్చిన కుటుంబాలే. వాళ్ళింట్లో పెద్దాయన బర్మా చదవగలరు. వెలుతురు పక్క నుంచి పడేలా కిటికీ దగ్గర పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి పంపించండి, శనివారం వెళ్తున్నాను, చదివించుకొస్తాను.

వంశధార ఒడ్డు:
పొద్దున్నే తీసి పెడతాను అన్నా. పెద్దమ్మ కూడా అదే అడుగుతోంది, ఆ రాతలో ముత్తమ్మమ్మ పేరు ఏమైనా ఉందేమో చూడమని.