కొత్త పికప్ ట్రక్కు, 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్: డీలర్ చెప్పిన అంకెను నమ్మాలా, తలుపు మీది అంకెను నమ్మాలా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాము. గత నెలలో ఒక కొత్త హాఫ్ టన్ (పికప్‌లలో తేలిక తరగతి) పికప్ ట్రక్కును, దానితోపాటు 28 అడుగుల ట్రావెల్ ట్రైలర్‌ను (ట్రక్కు వెనుక లాగే, చక్రాల మీది ఇల్లు లాంటిది) కొన్నాము. ట్రైలర్ ఖాళీ బరువు 5,900 పౌండ్లు అని, సామానుతో కలిపి 7,600 పౌండ్లు దాటకూడదని దాని మీద అతికించిన కాగితంలో ఉంది. మా ట్రక్కు 11,200 పౌండ్ల వరకు లాగుతుందని, కాబట్టి ఈ ట్రైలర్ దానికి లెక్కే కాదని అమ్మినవారు చెప్పారు. అయితే మొదటిసారి ఇంటికి తీసుకువస్తున్నప్పుడు హైవే మీద ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటి వెళ్ళగానే ట్రైలర్ వెనుక భాగం అటూ ఇటూ ఊగింది. ఆ ఊపు స్టీరింగ్ దాకా వచ్చింది. ఆ పది సెకన్లలో నా అరచేతులు చెమటతో తడిసిపోయాయి. ఇంటికి వచ్చి చూస్తే ట్రక్కు వెనుక భాగం బాగా కుంగి, ముందు దీపాలు ఎదురింటి పైకప్పు వైపు చూస్తున్నాయి.

డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే పసుపు స్టిక్కర్ మీద మనుషులు, సామాను కలిపి 1,510 పౌండ్లు దాటరాదని వ్రాసి ఉంది. 11,200 ఎక్కడ, 1,510 ఎక్కడ? ఈ రెండింటికీ సంబంధం ఏమిటో నాకు బోధపడటం లేదు. నేను, నా శ్రీమతి, ఇద్దరు పిల్లలు కలిపి 480 పౌండ్లు ఉంటాము. గుంటూరు నుండి మా అమ్మగారు వచ్చి ఉన్నారు, ఆవిడతో కలిపి 600 అవుతాము. ఆవిడ తిరిగి వెళ్ళేలోపు అమరిల్లో దగ్గర ఉన్న పాలో డూరో కాన్యన్ అనే పెద్ద లోయను చూపించాలని నా కోరిక. ట్రైలర్‌ను తగిలించడం, అక్కడ నిలబెట్టడం, నీళ్ళు, కరెంటు కలపడం అన్నీ మాకు కొత్తే. అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు (టల్సా, ఓక్లహోమా)

బాబూ, ఆ ఊపు వచ్చిన రోజే ఆగి అడిగినందుకు ముందుగా సంతోషం. పద్నాలుగేళ్ళుగా ట్రైలర్ లాగుతున్నాను కనుక కాస్త వివరంగానే వ్రాస్తాను.

మీరు చెప్పిన రెండు అంకెలూ నిజమే, కానీ అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. 11,200 అనేది లాగే శక్తికి సంబంధించినది. ఆ అంకెను తేల్చే, వాహన ఇంజనీర్ల సంఘం వారి ఎస్ఏఈ జే2807 ప్రమాణం ప్రకారం ట్రక్కులో 150 పౌండ్ల చొప్పున ఇద్దరు మాత్రమే కూర్చున్నారని భావించి పరీక్ష చేస్తారు. ఐదుగురు మనుషులు, వెనుక తొట్టిలో కుర్చీలు, బియ్యం, ఇడ్లీ పాత్ర, జనరేటర్ ఉన్న ట్రక్కు ఆ లెక్కలోకి రాదు. 1,510 అనేది మోసే శక్తికి సంబంధించినది. ట్రావెల్ ట్రైలర్ తన బరువులో కొంత భాగాన్ని మీ ట్రక్కు వీపు మీద పెడుతుందని గుర్తుంటే ఈ రెండవ అంకె ఎందుకు ముఖ్యమో వెంటనే తెలుస్తుంది.

మాది పల్నాడు. చిన్నప్పుడు మా ఇంటి నుండి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎద్దుల బండి మీద వెళ్ళేవి. బండి ఎత్తేటప్పుడు మా నాన్నగారు నొగ దగ్గర నిలబడి ఒక చేత్తో కాడిని పైకి లేపి చూసి, ఇంకో టిక్కీ ముందుకు జరపమనో వెనక్కి నెట్టమనో చెప్పేవారు. బరువు ముందుకు ఎక్కువైతే ఎద్దుల మెడలు కుంగుతాయి, వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి వాటి గొంతుకు బిగుసుకుంటుంది. మీ ట్రైలర్ కూడా ఇరుసు మీద తూగే బండే. దాని మొత్తం బరువులో 10 నుండి 15 శాతం వరకు హిచ్ (ట్రక్కుకు ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) మీద పడాలి. 10 శాతం కంటే తగ్గితే మీరు చూసిన ఊపు మొదలవుతుంది, 15 దాటితే ట్రక్కు వెనుక ఇరుసు కుంగి ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. అందుకే సామానులో దాదాపు అరవై శాతం ఇరుసులకు ముందు భాగంలో సర్దుకోవాలి. సైకిళ్ళను వెనుక బంపర్‌కు తగిలించే అలవాటు ఉంటే మానుకోండి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. సామాను సర్దాక ట్రైలర్ 6,900 పౌండ్లు అవుతుందనుకుంటే అందులో 13 శాతం దాదాపు 897. హిచ్ పరికరం బరువు 85. మనుషులు 600. వెనుక తొట్టిలో సామాను 150 అనుకున్నా మొత్తం 1,732 అవుతుంది, అంటే తలుపు మీది అంకెను 222 పౌండ్లు దాటారు. అమ్మగారు లేకుండా, తొట్టి ఖాళీగా ఉంటే 1,462. లాగే శక్తిలో ఇంకా నాలుగు వేల పౌండ్లు మిగిలి ఉండగానే మోసే శక్తి అయిపోయింది. హాఫ్ టన్ ట్రక్కు కొన్న కుటుంబాలలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. డీలర్ దగ్గర ఈ లెక్క వేసి చూపించరని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

ఊహలు వద్దు, తూకం వేయించండి. లారీలు ఆగే పెద్ద ట్రక్ స్టాపులలో క్యాట్ స్కేల్ అనే తూనిక ఉంటుంది. ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు మూడు వేర్వేరు పలకల మీద నిలిచేలా ఆపితే మూడు అంకెలు విడివిడిగా వస్తాయి. మూడుసార్లు తూయాలి. నా సొంత అంకెలు చెబుతాను. కుటుంబంతో ట్రక్కు ఒక్కటే తూచినప్పుడు ముందు 3,080, వెనుక 2,600, మొత్తం 5,680. ట్రైలర్ తగిలించి, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కడ్డీలు (హిచ్ మీద పడిన బరువులో కొంత ముందు ఇరుసుకు, ట్రైలర్ ఇరుసులకు పంచేవి) బిగించకుండా తూచినప్పుడు ముందు 2,760, వెనుక 3,880, ట్రైలర్ ఇరుసులు 5,920. అంటే ట్రక్కు మీద 960 పౌండ్లు అదనంగా పడింది. ట్రైలర్ మొత్తం 6,880 కనుక అది దాదాపు 14 శాతం. కానీ ముందు ఇరుసు 320 పౌండ్లు తేలికైపోయిందని గమనించండి. కడ్డీలు బిగించి మళ్ళీ తూచినప్పుడు ముందు 2,980, వెనుక 3,600, ట్రైలర్ ఇరుసులు 5,980 వచ్చాయి. తేలికైపోయిన 320లో 220 తిరిగి వచ్చింది. మీ ముందు దీపాలు పైకప్పులు చూడటానికి కారణం ఆ కడ్డీల బిగింపు సరిగా లేకపోవడమే అయి ఉండవచ్చు. ఎంత తిరిగి రావాలన్నది ట్రక్కును బట్టి మారుతుంది, మీ ట్రక్కు మాన్యువల్‌లో ఉన్న మాటే పాటించండి.

ఇంటి దగ్గర టేపుతోనూ చూసుకోవచ్చు. ముందు చక్రం పైన మడ్‌గార్డు అంచు నుండి నేల వరకు ఎత్తును ట్రక్కు ఒంటరిగా ఉన్నప్పుడు, ట్రైలర్ తగిలించి కడ్డీలు లేనప్పుడు, కడ్డీలు బిగించాక కొలవండి. ముందు భాగం రెండు అంగుళాలు లేచి, కడ్డీలతో ఒక అంగుళం దిగితే సగం తిరిగి వచ్చినట్లు. ఆ కడ్డీలను పట్టే గొలుసులో ఒక లింకు మార్చితేనే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

మంచినీళ్ళ ట్యాంకు నింపి బయలుదేరకండి. గాలను నీళ్ళు 8.3 పౌండ్లు. 40 గాలన్ల ట్యాంకు నిండితే 330 పౌండ్లు దాటుతుంది.

జవాబు (డెన్వర్, కొలరాడో)

పై పెద్దాయన గారు చెప్పిన ప్రతి మాటా నిజం. నేను బ్రేకుల గురించి మాత్రమే చెబుతాను. పాలో డూరోలో దారి కాన్యన్ అడుగుకు 10 శాతం వాలుతో దిగుతుంది, మలుపులు కూడా ఉన్నాయి. మా కొలరాడోలో ఐ-70 రహదారి మీద కనుమల దగ్గర కూడా సాధారణంగా 7 శాతం దాటదు. మొదటి ప్రయాణానికి అది తగిన చోటు కాదని నా గట్టి అభిప్రాయం. పైగా ఫోర్ట్ వర్త్ నుండి అమరిల్లోకు వెళ్ళే 287 రహదారి మీద, ముఖ్యంగా విచిటా ఫాల్స్ దాటిన తరువాత, పక్క గాలి ట్రైలర్ గోడను చేత్తో తోసినట్లు తోస్తుంది.

మీ కొత్త ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ (ట్రక్కులో నుండే ట్రైలర్ బ్రేకులను నడిపే పరికరం) ఉంటే, ఖాళీగా, పొడిగా ఉన్న సమతలమైన చోట గంటకు 20 నుండి 25 మైళ్ళ వేగంలో దాని చేతి మీటను మాత్రమే నొక్కి చూడండి. ట్రైలర్ తనంతట తాను ట్రక్కును గట్టిగా వెనక్కి పట్టి ఆపాలి, కానీ చక్రాలు బిగుసుకుని ఈడ్చుకు రాకూడదు. ఈడ్చుకు వస్తే అంకెను తగ్గించండి, పట్టు తెలియకపోతే పెంచండి. సామాను నింపాక మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. దారిలో ఊపు మొదలైతే ట్రక్కు బ్రేకు తొక్కవద్దు, స్టీరింగ్‌ను ఎదురు తిప్పవద్దు. యాక్సిలరేటర్ మీద కాలు నెమ్మదిగా తీసి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని, ఆ చేతి మీటను నొక్కండి. వెనుక బండి ముందు బండిని వెనక్కి లాగినప్పుడు రెండూ ఒకే గీతలోకి వస్తాయి. ఈ కదలికను ఖాళీ మైదానంలో చేతికి అలవాటు చేసుకోండి, ఎందుకంటే అవసరం వచ్చినప్పుడు మీటను వెతుక్కునే వ్యవధి ఉండదు.

వాలులో దిగేటప్పుడు టో మోడ్ (ట్రైలర్ లాగేటప్పుడు వాడే గేరు అమరిక) వేసి, దిగడానికి ముందే చిన్న గేరులోకి మార్చుకోండి. ట్రైలర్ టైర్ల పక్క గోడ మీద వ్రాసిన గరిష్ఠ గాలిని, బయలుదేరే ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి. ఆ టైర్లలో కొన్నింటికి గంటకు 65 మైళ్ళే హద్దు. బ్రేక్‌అవే తీగను (ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు వేసేది) భద్రతా గొలుసులకు కాక నేరుగా ట్రక్కుకు తగిలించండి. గొలుసులను హిచ్ కింద ఒకదానికొకటి అడ్డంగా వేయండి, కొక్కెం ఊడిపోతే ట్రైలర్ ముక్కు నేలను తాకకుండా ఆ గొలుసులు ఊయలలా పట్టుకుంటాయి.

జవాబు (కేటీ, టెక్సాస్)

నమస్కారం అండి. మా ఇంట్లో బండి నడపడం మావారి పని, నిలబెట్టడం నా పని. అందుకే ఆ భాగం నేను చెబుతాను.

వెనక్కి పెట్టేటప్పుడు స్టీరింగ్ కింది అంచును పట్టుకోండి. ట్రైలర్ వెనుక భాగం ఎటు వెళ్ళాలో ఆ వైపుకే చేతిని జరిపితే చాలు. అనుమానం వస్తే దిగి చూడండి, నాలుగు సార్లు దిగినా తప్పు లేదు.

చోటులో ఆగాక ట్రక్కు నుండి విప్పే ముందే రసమట్టం పెట్టి కుడి ఎడమల తేడా చూడండి. పల్లంగా ఉన్న వైపు చక్రాల కింద దిమ్మెలు పెట్టి ఎక్కించండి. ఆ తరువాత చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, అప్పుడు మాత్రమే హిచ్ విప్పండి. ముందు వెనుకల ఎత్తును ముక్కు దగ్గర ఉన్న జాకీతో సరిచేయాలి. నాలుగు మూలల జాకీలు కదలకుండా నిలపడానికే, బరువు ఎత్తడానికి కాదు, వాటితో ఎత్తితే ట్రైలర్ చట్రం వంగుతుంది. ఒకసారి అడ్డు పెట్టానని నేను, పెట్టారని మావారు అనుకుని విప్పాము. ట్రైలర్ జానెడు ముందుకు దొర్లి ట్రక్కు వెనుక తలుపును గుద్దింది. అప్పటి నుండి అడ్డు మీద చెయ్యి వేసి పైకి చెప్పనిదే హిచ్ విప్పము.

కరెంటు విషయంలో ఒక హెచ్చరిక. ఇంటి దగ్గర ట్రైలర్ కోసం ప్రత్యేకంగా ప్లగ్ పెట్టించుకోవాలని మీకూ అనిపిస్తుంది. ట్రైలర్‌కు వాడే 30 ఆంప్ ప్లగ్ 120 వోల్టులది. దాని పేరు టీటీ-30. మా ఇంటికి వచ్చిన ఎలక్ట్రీషియన్ దాని రూపం చూసి బట్టలారబెట్టే యంత్రం ప్లగ్ అనుకుని 240 వోల్టులు కలిపారు. మీట వేసిన క్షణంలో మైక్రోవేవ్ నుండి కాలిన వాసన వచ్చింది, బ్యాటరీ చార్జ్ చేసే కన్వర్టర్ కూడా పోయింది. కొత్త ప్లగ్ ఎవరు పెట్టినా మీటరుతో కొలవనిదే కలపకండి. పార్కులలో కూడా ముందు సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు తేడాల నుండి కాపాడే పరికరం) పెట్టి, అది సరే అన్నాకే ట్రైలర్ తీగను కలపండి. 30 ఆంప్ అంటే మొత్తం 3,600 వాట్లే కనుక ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, ఇండక్షన్ పొయ్యి ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. ఇడ్లీ గ్యాస్ మీద పెట్టుకోండి.

నీటి గొట్టానికి ముందు ప్రెజర్ రెగ్యులేటర్ తప్పనిసరి. గీజర్ నిండిందని కుళాయిలో వేడి వైపు నీళ్ళు ధారగా వచ్చాక తెలుసుకుని, అప్పుడే దాని కరెంటు మీట వేయండి. నీళ్ళు లేకుండా వేస్తే లోపలి కాయిల్ కాలిపోతుంది. మరుగుదొడ్డి ట్యాంకు వాల్వును తెరిచి ఉంచకండి, ద్రవమంతా పోయి గట్టిది అడుగున గడ్డకడుతుంది. మూడింట రెండు వంతులు నిండాక దాన్ని ముందు వదిలి, తరువాత స్నానం నీళ్ళ ట్యాంకు వదిలితే గొట్టం దానంతట అదే శుభ్రపడుతుంది.

అమ్మగారికి ఒక మాట. మెట్లు నిటారుగా ఉంటాయి. పక్కన పట్టుకునే కమ్మీని మొదటి రోజే చూపించండి, కింద ఒక చెక్క మెట్టు అదనంగా వేయండి.

అడిగిన వారి మలి సమాధానం (ఫ్రిస్కో)

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఉదయం క్యాట్ స్కేల్ మీద మూడుసార్లు తూచాను. ట్రైలర్ 6,720, హిచ్ మీద 870, అంటే దాదాపు 13 శాతం. హిచ్ 85, మేము ఐదుగురం 600 కలిపితే 1,555. తొట్టిలో ఒక్క కుర్చీ పెట్టకుండానే 45 పౌండ్లు దాటాము. హిచ్ మీద 13 శాతం పడుతోంది కనుక ట్రైలర్ సామాను సర్దుబాటులో పెద్ద లోపం లేదు. కడ్డీలు మాత్రం వదులుగా ఉన్నాయి, ముందు భాగం ఒకటిన్నర అంగుళం లేచి ఉంది. మాన్యువల్ చూసి రెండు లింకులు బిగించాను, ఇప్పుడు అర అంగుళమే మిగిలింది. దీపాలు రోడ్డు మీద పడుతున్నాయి.

మా శ్రీమతి, అమ్మ మా రెండవ కారులో వెనుక వస్తారు. దానితో 260 పౌండ్లు తగ్గుతాయి, తొట్టిలో 150 పౌండ్ల సామాను పెట్టుకున్నా ట్రక్కు మీద 1,445 దగ్గర ఆగుతాము. పాలో డూరోకు అమ్మను ఆ కారులోనే తీసుకువెళ్ళి, ఊరిలో గది తీసుకుంటాము. ట్రైలర్‌ను మాత్రం వచ్చే శనివారం గంటలోపు దూరంలో ఉన్న రే రాబర్ట్స్ చెరువు పార్కుకు తీసుకువెళుతున్నాము. చేతి మీటను దుకాణాల వెనుక ఖాళీ స్థలంలో ఇప్పటికి పదకొండు సార్లు నొక్కి చూశాను. పెద్దబ్బాయికి చక్రాల అడ్డు మీద చెయ్యి వేసి పైకి చెప్పే పని ఇచ్చాము.