పులి పట్టిన బర్రెకు పరిహారం ఎట్ల అడగాలి? (కాగజ్‌నగర్ దిక్కు)

ప్రాణహిత ఒడ్డు:
కాగజ్‌నగర్, పెంచికల్‌పేట దిక్కు పులులు మళ్లీ మసలుతున్నయి. మేతకు పోయిన పశువు చస్తే చిరుత పనో, కుక్కల పనో అని ఫారెస్టోళ్లు పరిహారం అర్జీ కొట్టేస్తరట. రుజువు ఎట్ల? ఇన్నేండ్లు లేని పులిని ఇప్పుడు మనమే భరించాలా?

బీటు దారి:
కళేబరాన్ని కదపొద్దు. వాసనకో, తోలు కోసమో బయటకు గుంజితే ఈడ్చిన జాడే పోతది. అదే రోజు ఫారెస్టు బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. గొంతు, వెనుక భాగం, చెవి ట్యాగు, చుట్టూ నేల ఫోటోలు తీయండి, అడుగు ముద్ర పక్కన స్కేలు పెట్టి. పులి గొంతో మెడో పట్టి చంపి, పొదల్లోకి ఈడ్చి, ఎక్కువగా పిర్రల నుంచి తింటది. చిరుత పొట్ట నుంచి మొదలుపెడతది. కుక్కలైతే కాళ్లు, వెనుక అంతా గాట్లే, నేల మీద గోర్ల గుర్తులు కూడా. పెద్ద పులి ముందు పంజా ముద్ర సాధారణంగా 10 సెం.మీ. దాటుతది. కానీ బురదలో ముద్ర పరుచుకుంటది, గట్టి నేల మీదిదే కొలవండి. పంచనామా, పశువైద్యుడి ధ్రువీకరణ తప్పనిసరి. ట్యాగు లేకుంటే పశువు ఎవరిదన్నదే తగాదా.

మంద కాపరి:
పులిని ఎవరూ తెచ్చి వదల్లేదు. మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవిలో పుట్టినవి ఎదిగినంక సొంత జాగ కోసం వార్ధా, ప్రాణహిత దాటి వస్తయి. అక్కడి టిప్పేశ్వర్ అభయారణ్యంవి పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ దిక్కు. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వు అయింది గానీ, పులులు ఎక్కువ మసలేది బయట కాగజ్‌నగర్ అడవుల్లోనే, మన పశువులు మేసేదీ అక్కడే. దుప్పులు పలచబడ్డ చోట కాపరి లేని ఎద్దే తేలిక వేట. పరిహారం ఆలస్యమైతే కోపం రావడం న్యాయమే. విషం మాత్రం వద్దు. 2024 జనవరిలో అక్కడ రోజుల తేడాతో రెండు పులులు చచ్చినయి, విషం పెట్టారని కేసైంది. మూడేండ్లకు తగ్గని జైలు, పరిహారమూ గల్లంతు. పందులకని కరెంటు తీగ పెట్టుడు ఇంకా అధ్వానం: రాత్రి నీళ్లు కట్టబోయిన మనిషే పడతడు.

ప్రాణహిత ఒడ్డు:
మరి రాత్రి పూట?

మంద కాపరి:
అడవిలో వదిలిపెట్టకుండా కొట్టంలో కట్టేయుడే. లేగలను లోపలి వరుసలో.

పత్తి చేను:
అందరూ పశువులే మాట్లాడుతున్నరు. 2020 నవంబరులో ఆ దిక్కు పులి చేతిలో ఇద్దరు పోయిన్రు, అందులో ఒకరు పత్తి ఏరుతుండగా. వంగి ఏరే మనిషి పులి కంటికి నాలుగు కాళ్ల జంతువులా కనబడతడు. అడవంచు చేన్లకు గుంపుగా, పది నుంచి నాలుగు లోపలే పోవాలి. ఒకరు నిలబడి చూస్తుండాలి. తల వెనుక మొహం మాస్కు కట్టుకుంటే నవ్వుతరు గానీ, పులి వెనుక నుంచే వస్తది.