ఆన్‌లైన్‌లో డీ అండ్ డీ: మార్చాల్సింది టూల్‌నా, టేబుల్ పద్ధతినా?

మాదాపూర్_డీఎమ్:
మేం ఐదుగురం డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, డీఎమ్ అనే ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు అందులో పాత్రలుగా ఆడే ఆట) ఆడుతున్నాం, ముగ్గురం హైదరాబాద్‌లో, ఇద్దరు డాలస్‌లో. మాకు ఆదివారం పొద్దున 8 అంటే ఎండాకాలంలో వాళ్లకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర, కాబట్టి మేం టిఫిన్ చేస్తూ, వాళ్లు పిల్లల్ని పడుకోబెట్టి వచ్చి కూర్చుంటాం. రూల్స్ ఫిఫ్త్ ఎడిషన్‌వి, మ్యాప్ రోల్20 అనే వెబ్‌సైట్‌లో, మాటలు డిస్కార్డ్ కాల్‌లో. కథ నడుస్తున్నంతసేపూ హాయిగా ఉంటుంది. ఫైట్ మొదలైతే చాలు, ఒకరు తన టర్న్ వచ్చేదాకా వేరే ట్యాబ్‌లో ఉంటారు, పేరు పెట్టి పిలిస్తే "ఆఁ... ఏమైంది? నా ముందున్నది ఎవరు?" అంటారు, మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ఇంకొకరేమో అందరి టర్న్‌లూ తానే ఆడేస్తారు, "నువ్వు హీల్ వెయ్, నువ్వు వెనక్కి రా" అంటూ. రూల్స్ ప్రకారం ఒక రౌండ్ అంటే ఆటలో ఆరు సెకన్లు, మాకు అరగంట పడుతోంది. రోల్20 బదులు ఫౌండ్రీ అనే సాఫ్ట్‌వేర్‌కి మారితే లెక్కలన్నీ అదే చూసుకుంటుంది, స్పీడ్ వస్తుందని ఒకరి సలహా. నిజమేనా? కెమెరా తప్పనిసరి చేస్తే? అందరూ కాలేజీ స్నేహితులే, గట్టిగా అంటే నొచ్చుకుంటారేమోనని టెన్షన్.

గుంటూరు_బార్డ్:
ఫౌండ్రీ మంచి టూలే అన్నా, నేను వాడుతున్నాను. డబ్బు ఒక్కసారి కడితే అయిపోతుంది, అదీ ఆట నడిపేవాళ్లు కొంటే చాలు, మిగతావాళ్లు బ్రౌజర్‌లో లింక్ తెరిచి వచ్చేస్తారు. కానీ మీ ఇంటి కంప్యూటర్ మీదే నడపాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ కావాలి, అంటే బయటివాళ్లు మీ కంప్యూటర్‌ని చేరేలా రూటర్‌లో దారి తెరవాలి. మన దగ్గర చాలా ఇళ్ల కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీని ఎంతోమందికి పంచుతారు, పని అక్కడే ఆగిపోతుంది. అప్పుడు నెలనెలా కట్టి హోస్టింగ్ తీసుకోవాలి. ఇంతా చేశాక కూడా వేరే ట్యాబ్‌లో ఉన్న మనిషి వేరే ట్యాబ్‌లోనే ఉంటాడు. టూల్ కూడికలు చేస్తుంది, ధ్యాస పెట్టదు.

వైజాగ్_క్లెరిక్:
నేనింకో మాట అంటాను, అసలు ప్రతి ఫైట్‌కీ మ్యాప్ ఎందుకండీ? నలుగురు గోబ్లిన్‌లు దారి కాచిన చోట టోకెన్లు (పాత్రల బొమ్మలు), లైటింగ్, గోడలు అన్నీ పెట్టేసరికి అందరూ గళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు, మీ మాట ఎవరూ వినరు. చిన్నవి నోటితో నడపండి, పెద్ద ఫైట్‌కి మాత్రమే మ్యాప్ తీయండి. దానికి ఔల్‌బేర్ రోడియో లాంటి తేలికైన మ్యాప్ టూల్ సరిపోతుంది. ఇంకోటి, ఒకరి టర్న్ మొదలవగానే "తర్వాత నువ్వు, రెడీగా ఉండు" అని తర్వాతి వాళ్లకు చెప్పేయండి. మా టేబుల్‌కి బాగా పనికొచ్చింది ఇదే.

కెమెరా మాత్రం బలవంతం చేయొద్దు. డాలస్‌లో రాత్రి పదకొండు గంటలకు పక్కగదిలో పిల్లలు పడుకుని ఉంటారు, ఆ చీకట్లో మొహం చూపించమంటే ఎవరికైనా ఇబ్బందే. ఫోన్ వద్దనడం కూడా కుదరదు, చాలామంది కేరెక్టర్ షీటు, అంటే పాత్ర వివరాల పేజీ, ఫోన్‌లోనే ఉంటుంది. షీటు ప్రింట్ తీయించి చేతిలో పెట్టుకోమనండి, ఫోన్ దానంతటదే పక్కకు పోతుంది.

నల్లగొండ_రోగ్:
అందరి టర్న్‌లూ ఆడేసే మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? నా దృష్టిలో ట్యాబ్ కంటే ఇదే పెద్ద సమస్య. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఇద్దరు ఒకేసారి మాట్లాడినా అర్థమవుతుంది, కాల్‌లో గొంతు పెద్దదున్నవాళ్లదే వినిపిస్తుంది, మెతకగా ఉండేవాళ్లు నెమ్మదిగా మాట్లాడటమే మానేస్తారు. బహుశా ఆ వేరే ట్యాబ్ కథ కూడా ఇక్కడే మొదలై ఉంటుంది. తన టర్న్ ఇంకొకరు ఆడేస్తుంటే వినడం ఎందుకు అనిపించదా? సలహా అడిగితేనే ఇవ్వాలని రూల్ పెట్టండి. అందరిలో కాదు, ముందు ఆ మనిషితో విడిగా ఫోన్ చేసి మాట్లాడండి, స్నేహితుడు కాబట్టే వింటాడు.

"నా కేరెక్టర్ అలాంటివాడే" అంటూ ఆటలో తోటివాళ్ల బంగారం కొట్టేసేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది, ఆ కేరెక్టర్‌ని అలా రాసుకున్నది తనే కదా. ఇవన్నీ సెషన్ జీరోలో, అంటే ఆట మొదలుపెట్టే ముందు పద్ధతుల గురించి కూర్చునే రోజున, మాట్లాడుకోవాలి, ఇప్పుడు మీరు కథ మధ్యలో ఉన్నా సరే, ఒక ఆదివారం ఆట ఆపి మాట్లాడుకోండి. ఎక్స్ కార్డ్ కూడా పెట్టుకోండి. జాన్ స్టావ్రోపౌలోస్ తయారుచేసిన పద్ధతి అది, ఏదైనా సీన్ భరించలేకపోతే కార్డు తాకితే చాలు, కారణం చెప్పక్కర్లేదు, ఆ సీన్ తీసేస్తారు. ఆన్‌లైన్‌లో చాట్‌లో ఎక్స్ అని కొడితే సరి.

మాదాపూర్_డీఎమ్:
ఆ రెండింటికీ ముడి ఉంటుందని నాకు తట్టలేదు. ఈ వారమే ఫోన్ చేస్తాను. ఫౌండ్రీ ఇప్పటికి పక్కన పెడతాను. ఇంకో డౌట్, షీట్లు ప్రింట్ చేసేటప్పుడు రూల్స్ కూడా కొన్ని పేజీలు ఇద్దామనుకుంటున్నా, ఫ్రీగా, న్యాయంగా దొరుకుతాయా?

గుంటూరు_బార్డ్:
దొరుకుతాయి అన్నా. 2023లో రూల్స్ వాడుకునే లైసెన్స్ మీద గొడవ అయ్యాక, ఆట కంపెనీ వాళ్లు ఎస్ఆర్‌డీ 5.1ని (ఫిఫ్త్ ఎడిషన్ మూల రూల్స్ ఉన్న పత్రం) క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్స్ కింద వదిలారు, మూలం పేర్కొంటే చాలు, ప్రింట్ తీసి పంచుకోవచ్చు. పుస్తకంలోని సబ్‌క్లాస్‌లు (పాత్రల ఉపరకాలు) అన్నీ ఉండవు కానీ ఫైట్ రూల్స్, కండిషన్స్ (విషం ఎక్కడం, కింద పడిపోవడం లాంటి స్థితులు) మొత్తం ఉంటాయి. ఆ రెండు భాగాలే ప్రింట్ తీయించండి, మిగతాది కాగితం దండగ.